గీత ఎక్కడ పడుతుందో

జనవరి 8

దూదిపింజా,

నువ్వు చల్లగా ఉండాలి, జలుబు లేకుండా ఉండాలి, సముద్రం ఒడ్డున నడిచేటప్పుడు కింద చూసి నడవాలి. ఇవి మనసులో పెట్టుకుని తర్వాత ఉత్తరం చదువు. ఇక్కడ అందరం బాగానే ఉన్నాం, అంటే ఈ పూటకి.

నీ ఉత్తరం కూడబలుక్కుంటూ రెండుసార్లు చదివాను. రెండోసారి ఇంకా అర్థం కాలేదు. ఆ ప్రయోగశాలలో నిన్ను పెట్టుకున్నది గుడ్లు చీలుతుంటే చూడటానికట. అది చూడటానికి ఒక మనిషెందుకే? ఇక్కడ గుడ్డు చీలితే కొట్టువాడు పక్కన పడేస్తాడు, అంతే గదా. పైగా వాటిని చల్లటి ఉప్పునీళ్ళలో పెడతారని రాశావు. తల్లి పొదగకుండా నీళ్ళల్లో పడేస్తే చీలక ఏం చేస్తాయి? నాకు తోచింది నేను చేశాను. మెత్తటి దూది పెట్టి చిన్న దిండు కుట్టి పార్శిల్ పంపుతున్నాను. గుడ్లు దాని మీద పెట్టు. మీ మేడం కోప్పడితే మా అత్తయ్య పంపిందని చెప్పు.

ఇక్కడి సంగతి రాయకూడదనుకున్నాను. రాస్తున్నాను. మన పరుపుల దుకాణంలో మీ వదినలిద్దరికీ మాటల్లేవు. పెద్దది దూది పరుపులు కుడుతుంది, నీకు తెలిసిందే. చిన్నది కొత్తగా ఫోమ్ పరుపులు మొదలుపెట్టింది. ఫోమ్ షీట్లు తెచ్చి, కోసి, బంక పూసి అతికిస్తుంది. పెద్దది దూది ఏకితే పింజలు ఎగిరి చిన్నదాని బంక మీద అంటుకుంటాయి. చిన్నది బంక డబ్బా మూత తీస్తే పెద్దదానికి తలనొప్పి. మొదట్లో అరుచుకునేవాళ్ళు. ఆ రోజులే నయం. ఇప్పుడు పక్కనే కూచుని, నీ పెద్దకూతురితో చెప్పు కత్తెర కావాలని, అని నాతో అంటుంది చిన్నది. నీ చిన్నకూతురితో చెప్పు అది దాని మోకాలి కిందే ఉందని, అంటుంది పెద్దది. హాలు మధ్యలో చెక్కగోడ కట్టించమని ఇద్దరూ విడివిడిగా నా దగ్గరికి వచ్చి అడిగారు. ఆ ఒక్క విషయంలో మాత్రం ఇద్దరి మాటా ఒకటే.

సరిగ్గా మధ్యలో ఉన్నది పెద్దబల్ల. మీ మామయ్య చేయించింది, నేను అంచులు కుట్టేది. నువ్వు చిన్నప్పుడు దాని కింద దూదిలో ముక్కు దూర్చి పడుకునేదానివి. మన ఎదురు దుకాణం అన్నదమ్ములు గోడ కట్టుకున్నాక, అన్న పోతే తమ్ముడు షట్టర్ కూడా దించలేదు. నా కళ్ళతో చూశాను. గోడ లేస్తే నా పిల్లలూ అంతేనని నా భయం. కంటి మీద కునుకు లేదు.

చదువుకున్నదానివి గదా, ఒక్కటి చెప్పు. నిన్నటిదాకా ఒకటిగా ఉన్న గుడ్డుని చీలమని లోపల ఎవరు చెబుతారు? గుడ్డు సంగతే అడుగుతున్నాను, వేరే ఉద్దేశం లేదు.

ఉతుక్కోవడానికి వీలుగా దిండు గలీబుకి బొత్తాలు పెట్టాను.

నీ అత్తయ్య


జనవరి 21

అత్తయ్యకి,

జలుబు లేదు. కింద చూసే నడుస్తున్నాను. దిండు చేరింది.

ముందు ఒక మాట. ఇవి కోడిగుడ్లు కావు. సముద్రంలో రాళ్ళను పట్టుకుని ముళ్ళబంతి లాంటి ప్రాణి ఒకటి ఉంటుంది. దాని గుడ్డుకి పెంకు ఉండదు, సరిగా కంటికి కూడా ఆనదు. మైక్రోస్కోప్ కింద పెట్టి చూడాలి. అది చల్లటి ఉప్పునీళ్ళలోనే బతుకుతుంది. దానికి చీలడమంటే పగిలిపోవడం కాదు. ఒకటి రెండవుతుంది, రెండు నాలుగవుతాయి, అలా పెరిగి ఆఖరికి ఒక పిల్ల అవుతుంది. నీ దిండు వృథా పోలేదు. దాని మీదే కూచుని రోజంతా గుడ్లతో గడుపుతున్నాను. నడుంనొప్పి తగ్గింది.

చీలమని ఎవరు చెబుతారని అడిగావు. మా మేడం ఇన్నేళ్ళుగా అడుగుతున్నదీ అదే. చీలే ముందు గుడ్డు లోపల రెండు నక్షత్రాల్లాంటివి తయారవుతాయి. పింజను మధ్యలో పట్టుకుని చుట్టూ లాగితే పోగులు నలువైపులా నిక్కుతాయి చూడు, అలా ఉంటాయి. ఈ పక్కొకటి, ఆ పక్కొకటి. వాటి పోగుల కొసలు గుడ్డు పైచర్మం దాకా పోతాయి. రెండు నక్షత్రాలకూ మధ్యన, చర్మం మీద చుట్టూ ఒక గీత పడుతుంది. సంచి మూతికి నాడా లాగినట్టు అక్కడ బిగుసుకుంటూ బిగుసుకుంటూ పోయి రెండవుతుంది. సన్నటి గాజుసూదితో ఆ నక్షత్రాలను పక్కకు నెట్టాననుకో, గీత కూడా పక్కకే జరుగుతుంది. అవి ఎటుంటే గీత అటు. నెట్టి చూడటమే ఇప్పుడు నా పని.

వదినలు వాళ్ళే మాట్లాడుకుంటారులే. చిన్నప్పుడు ఒక బొత్తాం కోసం ఎన్నాళ్ళు అలిగారో గుర్తు లేదా.

దూదిపింజ


ఫిబ్రవరి 4

తల్లీ దూదిపింజా,

నీ ఉత్తరం అందింది, అందిన దగ్గర్నుంచీ మనసు మనసులో లేదు. కంటికి ఆననంత గుడ్లంటావు, మళ్ళీ దిండు మీద కూచున్నానంటావు. గుడ్లు దిండు మీద పెట్టమన్నాను గానీ నిన్ను పొదగమన్నానా? చూసుకుని కూచో. నీ బరువు వాటికి ఎక్కువవుతుంది.

మిగతాది చదివి చాలాసేపు ఆలోచించాను. రెండు నక్షత్రాలు, వాటి మధ్యన గీత. మన హాల్లో ఈ గోడ పక్కన పెద్దదాని కుట్టుమిషన్, ఆ గోడ పక్కన చిన్నదాని కుట్టుమిషన్. సరిగ్గా మధ్యన పెద్దబల్ల. గోడ బల్ల మీదుగానే పోవాలని ఇద్దరూ ఎందుకంటున్నారో అప్పుడు తెలిసింది. నువ్వు గుడ్డు పేరు పెట్టి నాకు ఉపాయం రాశావని కూడా అప్పుడే తెలిసింది. వదినల కంట పడుతుందేమోనని అలా రాశావు గదా. నీ తెలివి ఎక్కడికి పోతుంది.

ఇద్దరూ సరుకు తేవడానికి చెరో దారినా పోయినప్పుడు పెద్దల్లుణ్ణి బతిమాలి రెండు మిషన్లనూ కిటికీ పక్క మూలకి జరిపించాను. ఎందుకత్తయ్యగారూ అన్నాడు. వెలుతురు కోసం అన్నాను. గీత మూలకి పోతుంది, బల్ల బతికిపోతుంది, ఇదీ నా లెక్క.

వచ్చి చూసి పెద్దది ఇది చిన్నదాని పనే అనుకుంది. చిన్నది పెద్దదాని పనే అనుకుంది. నేను బల్ల దగ్గర కూచుని సూదిలో దారం ఎక్కిస్తున్నాను. ఎక్కితేగా. మిషన్లు బరువు కాబట్టి ఎవరూ వెనక్కి జరపలేదు. మోచేతులు తగిలేంత దగ్గరగా కూచుని కుట్టుకున్నారు. నాకు ఆశ పుట్టింది. ఆ ఆశ మర్నాటి దాకా ఉంది. మర్నాడు చిన్నది సుద్దముక్క తీసుకుని రెండు మిషన్ల మధ్య నుంచి నేల మీద గీత మొదలుపెట్టింది. ఏటవాలుగా హాలంతా లాక్కుపోయింది. బల్ల అడ్డం వస్తే బల్ల మీద కూడా గీసింది. పెద్దది వద్దనలేదు సరిగదా, గీత చెరగకుండా చీపురు ఎత్తి ఊడ్చింది. ఇంతకుముందు తిన్నగా తెగే బల్ల ఇప్పుడు వంకరగా తెగుతుంది.

నువ్వు రాసినట్టే జరిగింది, నేను అనుకున్నట్టు జరగలేదు. ఎక్కడ పొరబడ్డానో పాలుపోవడం లేదు. పక్కకు నెట్టడం కాదు, అసలు చీలకుండా ఉండాలంటే ఆ నక్షత్రాలను ఏం చెయ్యాలి? గుడ్డు పేరుతోనే రాయి, నాకు అర్థమవుతుంది.

దిక్కు తోచని నీ అత్తయ్య


ఫిబ్రవరి 17

అత్తయ్యా,

నేను గుడ్డు పేరుతో గుడ్డు సంగతే రాశాను. మిషన్లు జరపమని ఎక్కడా రాయలేదు. నీ ఉత్తరం చదివి నవ్వాలో ఏడవాలో తెలియక మేడంకి చూపించబోయి మళ్ళీ మడిచి పెట్టుకున్నాను. గుడ్లు దిండు మీద లేవు, గాజుగిన్నెలో ఉన్నాయి. దిండు మీద నేనున్నాను. ఇది మాత్రం గట్టిగా గుర్తుపెట్టుకో.

అడిగావు కాబట్టి చెబుతున్నాను, దీన్ని దుకాణంలోకి మాత్రం తీసుకురాకు. వెంట్రుక కన్నా సన్నటి గాజుగొట్టం గుడ్డులోకి దించి, నక్షత్రాలు ఇంకా సరిగా విచ్చుకోక ముందే పీల్చేస్తే ఆ గుడ్డు చీలదు. ఒకటిగానే ఉండిపోతుంది. అక్కడిదాకా మాకు తెలుసు. ఇంకాస్త ఆగి పీల్చేస్తే ఏమవుతుందో నన్ను తేల్చమన్నారు. ఆగితే గొట్టం విరుగుతోంది, లేదా గుడ్డు చితుకుతోంది, లేదా నా చెయ్యి వణుకుతోంది. ముళ్ళబంతులు గుడ్లు పెట్టే కాలం అయిపోవస్తోంది. ఈలోగా తేలకపోతే మళ్ళీ ఏడాది దాకా ఖాళీ.

నువ్వు మధ్యలో కూచుని నలిగిపోకు. వేళకి తిను.

దూదిపింజ


మార్చి 3

దూదిపింజకి, కోపం లేకుండానే రాస్తున్నాను.

దుకాణంలోకి తీసుకురాకు అని రాశావు. బయటికి తీసుకుపొమ్మని దానర్థం అనుకున్నాను. చీలకుండా ఉండాలంటే లోపలున్న రెండిటినీ తీసెయ్యాలని కూడా నువ్వే రాశావు. ఇంకెలా అర్థం చేసుకోను?

రెండు మిషన్లనూ బండి మీద వేయించి బాగుచేసేవాడి దగ్గర దింపించాను. వాడు తిప్పి చూసి, వీటికి జబ్బేమీ లేదమ్మా అన్నాడు. ఉంచు నాయనా, నిదానంగా వెతుకు అన్నాను.

మిషన్లు కనపడకపోయేసరికి ఇద్దరూ కలిసి వెతికారు. కలిసి అంటే, ఒకే బల్ల కిందికి రెండు వైపుల నుంచి వంగారు. తలలు ఠక్కుమని కొట్టుకున్నాయి. అప్పుడైనా ఒక తిట్టు తిట్టుకుంటారని ఎదురుచూశాను. తల రుద్దుకుని ఎవరి దారిన వాళ్ళు పోయారు. సాయంత్రానికల్లా పెద్దది ఒక మిషన్ అద్దెకి తెచ్చుకుని పాత చోటే వేసుకుంది. ఆ వెనకే చిన్నదీ తెచ్చుకుంది. మర్నాడు వడ్రంగి టేపు పట్టుకుని గుమ్మంలో నిలబడ్డాడు. వాణ్ణి ఎవరు పిలిచారని అడిగితే ఇద్దరూ మిషన్ల మీదికి వంగి కుట్టుకుంటూ పోయారు. వాడు సుద్దగీత మీద నిలబడి, ఇది వంకర పోయిందండీ, సరి చెయ్యాలి అన్నాడు. అదొక్కటే నాకు నచ్చిన మాట.

లోపలున్న నక్షత్రాలు తీసేశాను. అయినా గీత ఆగలేదు. మీ గుడ్డు ఒకటిగా ఉండిపోయిందని రాశావు, మా దుకాణం ఉండటం లేదు. తప్పు గుడ్డుదా, మిషన్లదా, నాదా? తల పనిచేయడం లేదు. నీ చెయ్యి వణుకుతోందని రాశావు. సరిగా తినడం లేదా? అసలు బెంగ అదీ.

అత్తయ్య


మార్చి 14

అత్తయ్యకి,

నిన్న గొట్టం విరగలేదు.

రెండు నక్షత్రాలూ బాగా విచ్చుకున్నాక, పైన చర్మం మీద గీత జాడ కూడా లేనప్పుడు, ఆ రెండిటినీ మెల్లగా పీల్చేశాను. లోపల ఇక ఒట్టి నీరులాంటి పదార్థం తప్ప ఏమీ లేదు. ఇదింక చీలదులే అనుకుని ఇంకో గుడ్డు అందుకోబోయాను. తిరిగి చూసేసరికి గీత పడుతోంది. ఎక్కడ పడాలో సరిగ్గా అక్కడే. లోపల ఎవరూ లేరు. చర్మమే తనంతట తాను బిగుసుకుని రెండైపోయింది. మేడం వచ్చి నా స్టూలు మీద కూచుని చూసింది. చాలాసేపు లేవలేదు. లేచి, "దిండు బాగుంది, ఎక్కడ కొన్నావు" అంది. ఆవిడ మెచ్చుకోవడం అంతే.

పరుపు మీద గుంట పడిందంటే లోపల దారం లాగుతోందని నువ్వు నాకు చిన్నప్పుడే నేర్పావు. గుడ్డునీ నేను అలాగే ఊహించుకున్నాను. అది కాదు. నక్షత్రాలు దేన్నీ లాగవు. చర్మానికి ఒక కబురు పంపుతాయి, అంతే. కబురు చేరక ముందు తీసేస్తే గుడ్డు ఒకటిగా ఉండిపోతుంది. చేరాక తీసేసినా ఒకటే, తీయకపోయినా ఒకటే.

ఇప్పుడు దుకాణం సంగతే రాస్తున్నాను, ఏ పేరూ పెట్టకుండా. మిషన్లు వెనక్కి తెప్పించు. వాటివల్ల కాదు. నీవల్లా కాదు. వదినలకి ఆ కబురు ఎప్పుడో చేరిపోయింది. బంక మీద మొదటి పింజ అంటుకున్న రోజే చేరి ఉంటుంది.

తింటున్నాను.

దూదిపింజ


మార్చి 23

దూదిపింజా,

మిషన్లు వచ్చేశాయి. నూనె వేసి తుడిచి ఇచ్చాడు. ఎక్కడికి పోయాయని ఇద్దరిలో ఒక్కరూ అడగలేదు. తెలిసే ఉంటుంది.

చెప్పినవాళ్ళు లోపల లేకపోయినా చీలుతుందని చదివి నా గుండెల్లో రాయి పడింది. చెక్కగోడ రెండు వైపుల నుంచీ వచ్చి బల్ల దగ్గర ఆగింది. బల్లని జరపడానికి లేదు, తలుపులో పట్టదు, లోపలే చేసిన బల్ల. తన వైపే ఉండాలని పెద్దది, తన వైపే ఉండాలని చిన్నది. నేను బల్లెక్కి కూచున్నాను. భోజనం కూడా అక్కడికే తెమ్మంటున్నాను. వడ్రంగి రోజూ వచ్చి, నన్ను చూసి, వెళ్ళిపోతున్నాడు.

ఒక్క సంగతి నువ్వు రాయలేదు. ముందే పీల్చేస్తే ఒకటిగా ఉండిపోయిన గుడ్డు ఉంది చూడు, దాన్ని తల్చుకునే ఇన్నాళ్ళూ ధైర్యంగా ఉన్నాను. అది ఎలా ఉంది? చీలినవి సగం సగమై ఎలా బతుకుతున్నాయి? ఒకదాని మొహం ఒకటి చూస్తాయా?

జవాబు తొందరగా రాయి. బల్ల మీద కాళ్ళు తిమ్మిరెక్కుతున్నాయి.

అత్తయ్య


మార్చి 31

అత్తయ్యా,

ఆ గుడ్డు పోయింది. మర్నాటికే మసకబారింది. నీళ్ళతోపాటు పారబోశాం. నువ్వు బెంగపడతావని రాయలేదు.

చీలినవాటి సంగతి చెబుతాను. నేను లోపలివి పీల్చేసినవి కాదు, వాటి మానాన వదిలేస్తే చీలినవి. అవి పక్కపక్కనే అంటుకుని ఉంటాయి, మధ్యన పల్చటి చర్మం, అంతే. మేడం ఒకసారి అలాంటి రెండిటిని పూర్తిగా విడదీసి వేరువేరు గిన్నెల్లో వేసింది. సగం పిల్ల ఇందులో, సగం పిల్ల అందులో వస్తుందనుకున్నాను. అలా రాలేదు. దేనికది పూర్తి పిల్లే అయింది. కాస్త చిన్నది, అంతే. రెండూ ఈదుతున్నాయి. వాటికి కళ్ళు లేవు కాబట్టి చూసుకుంటాయో లేదో నేను చెప్పలేను.

గుడ్ల కాలం అయిపోయింది. మిగిలిన ముళ్ళబంతుల్ని సముద్రంలో వదిలేశాం. వచ్చే నెల నీ దగ్గరికి వస్తున్నాను. బల్ల కింద చోటుంటుందా?

దూదిపింజ


ఏప్రిల్ 14

నా దూదిపింజకి,

వస్తానన్నావు, కాబట్టి ఇది చదివి జాగ్రత్తగా రా. బస్సులో కిటికీలోంచి చెయ్యి బయట పెట్టకు.

నీ ఉత్తరం చదివి బల్ల దిగాను. ఒకటిగా ఉన్నదాన్ని పారబోశారన్న మాట, చీలినవి రెండూ ఈదుతున్నాయన్న మాట మళ్ళీ మళ్ళీ చదివాను. తర్వాత వడ్రంగిని పిలిచి బల్ల కొయ్యమన్నాను. మంచి కర్రమ్మా, ఇలాంటిది మళ్ళీ రాదు అన్నాడు. తెలుసు, కొయ్యి అన్నాను. సుద్దగీత తుడిచేసి, పరుపులు కుట్టే గట్టిదారం ఆ చివర నుంచి ఈ చివరకి బిగించి నేనే తిన్నగా గీత గీశాను. ఎలాగూ తెగేదే, వంకరగా తెగితే చూడలేను.

రంపం పెట్టగానే రెండు మిషన్లూ ఆగిపోయాయి. నేను చెవులు మూసుకున్నాను, కళ్ళు మూసుకోవడం మరిచిపోయాను. ఇంకాస్త కోస్తే అయిపోతుందనగా బల్ల మధ్యకి కుంగి కిర్రుమంది. అలా విరిగితే పేళ్ళు లేచి రెండు ముక్కలూ పాడవుతాయి. వడ్రంగి చేతులు రెండూ రంపం మీదే ఉన్నాయి. పెద్దది అటు నుంచి వచ్చి కోత పక్కన భుజం ఆనించింది. చిన్నది ఇటు నుంచి ఆనించింది.

"నీ వైపు దిగుతోంది, ఎత్తు" అంది పెద్దది.

"ఎత్తాను. నువ్వు వదలకు."

"వదలనులే. ముందు నీ కాలు తియ్యవే, మీద పడుతుంది."

ఎన్నాళ్ళకి విన్నానే. బల్ల రెండైంది. ఎవరి ముక్క వాళ్ళ భుజం మీద నిలబడింది, ఏదీ కింద పడలేదు. దించుదామంటే ఒక్కో ముక్కకి రెండే కాళ్ళు. అలాగే మోస్తూ ఒకరి మొహం ఒకరు చూస్తూ నిలబడ్డారు. ముందు నవ్విందెవరో నాకు కనపడలేదు. వడ్రంగికి మాత్రం ఏం చెయ్యాలో తోచలేదు.

ఇప్పుడు గోడ పూర్తయింది. పింజలు అటు పోవడం లేదు. బంక వాసన కాస్త వస్తూనే ఉంది. పెద్ద కత్తెర ఒక్కటే కాబట్టి గోడలో చిన్న కిటికీ కోయించుకున్నారు. కొయ్యమన్నది ఎవరో తెలియదు, నేను మాత్రం కాదు. కత్తెర ఇటివ్వు, ఇందా, అంటూ ఉంటారు. మధ్యలో నా పేరు రాదు. నాకు కొంచెం వెలితిగా కూడా ఉంది.

నీ గుడ్డు నాకు ఇప్పటికీ అర్థం కాలేదు. ఆ నక్షత్రాలు చర్మానికి పంపిన కబురేమిటో నువ్వు రాయనే లేదు. మీ మేడంకైనా తెలుసో లేదో.

ఇప్పుడు నా బెంగ వేరే ఉంది. కొత్త కాళ్ళు వచ్చేదాకా బల్ల ముక్కల్ని ఆ గోడకే ఇటొకటి, అటొకటి మేకులు కొట్టి నిలబెట్టారు. చెక్కలు పల్చన. ఇటు కొట్టిన మేకుల మొనలు అటు పొడుచుకొచ్చాయి, అటువి ఇటు. ఎవరికి గీరుకుంటుందోనని నాకు నిద్ర పట్టలేదు. నిన్న ఇద్దరూ లేని వేళ చూసి ఒక్కో మొనకీ కాస్త దూది చుట్టి దారం కట్టాను. ముందు అటు వెళ్ళి కట్టాను, తర్వాత ఇటు వచ్చి కట్టాను.

బల్ల కింద చోటుంటుందా అని అడిగావు. రెండు వైపులా ఉంది. ఎటు దూరినా తల ఎత్తేటప్పుడు చూసుకో.

నీ అత్తయ్య